చెంగ్దూ వీధుల్లో తినడం ఎలా: ఏ వేళకు ఏమి, ఏమని అడగాలి

చైనాలోని సిచువాన్ రాష్ట్ర రాజధాని చెంగ్దూ అనగానే మనవాళ్లకు వచ్చే మొదటి సందేహం కారం. గుంటూరు, వరంగల్ కారం తిన్న నాలుకకు ఆ దిగులు అక్కర్లేదు. చెంగ్దూ ఎర్రనూనెలో (మిరప వేసి కాచిన నూనె) ఎక్కువగా పడే అర్‌జింగ్‌త్యావ్ అనే మిరప రంగుకీ వాసనకీ పేరుపడ్డది, ఘాటుకి కాదు. ఘాటు కావాల్సినప్పుడు అక్కడి వంటవాళ్లు వేరే రకాలు కలుపుతారు. గుంటూరు వైపు నుంచి చైనాకు ఎగుమతయ్యే తేజ మిర్చి అలాంటిదే. అంటే మన కారమే మన కంటే ముందు అక్కడికి చేరిపోయింది.

అక్కడ అడగాల్సింది కారం గురించి కాదు, కొవ్వు గురించి. బల్ల మీదే మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకుని తినే హాట్‌పాట్ ఎరుపు వెనక ఉన్నది చాలా చోట్ల గొడ్డు కొవ్వు. నూడుల్స్ గిన్నె అడుగున ఉన్నది తరచుగా పంది కొవ్వు. గొడ్డుమాంసం తిననివాళ్లు, పంది ముట్టనివాళ్లు, అసలు మాంసమే తిననివాళ్లు ఎవరైనా సరే, మెనూలో పేరు చూసి నిర్ణయించుకుంటే పొరపాటు పడతారు. దీన్ని ఒక్కటి సర్దుకుంటే, 2010లో యునెస్కో ఆసియాలో తొలి 'ఆహార నగరం'గా గుర్తించిన ఈ ఊళ్లో రోజుకు ఆరుసార్లు తినొచ్చు.

బయలుదేరే ముందు ఫోన్‌లో

చెంగ్దూలో చిల్లర దుకాణం దగ్గర్నుంచి తోపుడుబండి దాకా డబ్బు ఫోన్‌లోనే కదులుతుంది. అలీపే యాప్‌లో పాస్‌పోర్ట్ వివరాలిచ్చి వీసా లేదా మాస్టర్‌కార్డ్ జోడించుకోవచ్చు. కార్డు మీద అంతర్జాతీయ లావాదేవీలకు అనుమతి ముందే ఆన్ చేసుకోండి. అది మరిచిపోయి చెల్లింపు ఆగిపోతే బ్యాంకు ఓటీపీ వచ్చే సిమ్ కూడా పనిచేస్తూ ఉండాలి, రెండూ ఒకేసారి కుదరక ఇరుక్కునేవాళ్లు ఎక్కువ. చెల్లింపులకు అక్కడ వాడే ఇంకో యాప్ వీచాట్ మన దేశంలో 2020 జూన్‌లో నిషేధించిన యాప్‌లలో ఉంది కాబట్టి దాని మీద ఆధారపడకండి. యూపీఐ మీద అసలే వద్దు.

చెల్లింపు రెండు రకాలు. దుకాణం గోడ మీది కోడ్‌ను మీరు స్కాన్ చేసి మొత్తం కొట్టడం ఒకటి, మీ ఫోన్‌లోని కోడ్‌ను వాళ్లు స్కాన్ చేసుకోవడం రెండోది. మొదటిదాంట్లో మన కిరాణా కొట్లలోని ఫోన్‌పే డబ్బాలాగే అక్కడి డబ్బా కూడా 'ఇన్ని యువాన్లు వచ్చాయి' అని అరుస్తుంది. ఆ అరుపు వినేదాకా గిన్నె చేతికివ్వరు. విదేశీ కార్డు మీద 200 యువాన్ల లోపు చెల్లింపుకు అదనపు రుసుము లేదు, దాటితే 3 శాతం పడుతుంది. నలుగురు కలిసి హాట్‌పాట్ తింటే బిల్లు సులువుగా 200 దాటుతుంది. అప్పుడు ఎవరి వాటా వాళ్ల ఫోన్‌లోంచి కట్టేస్తే సరి.

జేబులో 5, 10, 20 యువాన్ల నోట్లు ఓ 200 దాకా ఉంచుకోండి. వంద నోటు ఇస్తే బండివాడి దగ్గర చిల్లర ఉండదు. యువాన్ అంటే మన లెక్కలో సుమారు పన్నెండు, పదమూడు రూపాయలు, మారుతూ ఉంటుంది.

మ్యాప్‌కు గూగుల్ వద్దు. అక్కడ తెరుచుకోకపోవడం ఒకటి, తెరుచుకున్నా చిరునామాలు పాతవి. అమాప్ అనే అక్కడి యాప్‌కు ఇంగ్లీషు రూపం ఉంది. అనువాద యాప్‌లో చైనా భాష ఫైలును ఇక్కడే దించుకోండి, నెట్ లేకున్నా కెమెరాతో మెనూ చదువుతుంది. అయితే వంటకాల పేర్ల దగ్గర ఆ అనువాదం నవ్వులపాలవుతుంది. 'భార్యాభర్తల ఊపిరితిత్తుల ముక్కలు' అని వస్తే బెదరకండి, అది ఫూచీ ఫెయ్‌ప్యెన్ అనే గొడ్డుమాంసం వంటకం. 'చేప సువాసన వంకాయ' అని వస్తే అందులో చేప లేదు.

నోటికి రావాల్సిన మాటలు

చైనా మాటలో స్వరం మారితే అర్థం మారుతుంది కాబట్టి, కింది మాటలు చెబుతూనే ఫోన్‌లో చైనా లిపిలో రాసి చూపించండి. రెండూ కలిస్తేనే పని జరుగుతుంది.

ముందు ఒక సంగతి. మెనూలో ఏ జంతువు పేరూ లేకుండా ఉత్త 'రౌ' అని ఉంటే అది పంది మాంసం. వేరేదైతే పేరు ముందు వస్తుంది: న్యో రౌ గొడ్డుమాంసం, యాంగ్ రౌ గొర్రె లేదా మేక, జీ రౌ కోడి. జూ యో పంది కొవ్వు, న్యో యో గొడ్డు కొవ్వు, ఛింగ్ యో వంటనూనె. ఈ చివరి మూడింటినీ బట్టీ పట్టండి.

'బు యావ్' అంటే వద్దు. బు యావ్ జూ యో, బు యావ్ న్యో రౌ అని ఏదైనా జోడించుకోవచ్చు. 'వో ఛ సూ' అంటే నేను శాకాహారిని. కానీ 'బు యావ్ రౌ' అని మాత్రమే చెబితే వంటవాడు పైన చల్లే ఖైమా ఆపుతాడు గానీ ఎముకల సూపు, పంది కొవ్వు అలాగే ఉంచుతాడు. అతని దృష్టిలో అవి మాంసం కావు. మోసం అనుకోవద్దు, లెక్క వేరు, అంతే.

కారానికి: వెయ్ లా కొద్దిగా, జోంగ్ లా మధ్యస్థం, బు లా వద్దే వద్దు. తిమ్మిరి వద్దంటే 'మ్యెన్ మా'. పార్సిల్‌కు 'దా బావ్', బిల్లుకు 'మై దాన్', యజమానిని పిలవడానికి 'లావ్‌బాన్'.

వేళ్ల విషయం కూడా చూసుకోండి. బొటనవేలు, చూపుడువేలు చాచి చూపిస్తే చైనాలో అది ఎనిమిది, రెండు కాదు. రెండు బన్నులు కావాలంటే చూపుడువేలు, మధ్యవేలు ఎత్తండి.

మా, లా అంటే ఏమిటి

'లా' మనకు తెలిసిన కారమే. 'మా' వేరు. హువాజ్యావ్ అనే చిన్న కాయల పైతొక్కు నాలుక మీద, పెదవుల మీద జుమ్ముమని తిమ్మిరి పుట్టిస్తుంది. శాన్‌షూల్ అనే పదార్థం స్పర్శ నరాలను రేపడం వల్ల అలా అవుతుంది, అలర్జీ కాదు. కొంకణ తీరంలో చేపల పులుసులో వేసే తిర్ఫల్ దీనికి దగ్గరి చుట్టం. కాయ నేరుగా పంటికింద పడితే రెండు మూడు నిమిషాలు ఏ రుచీ తెలియదు. అందుకే కాయల్ని పక్కకు నెట్టి తినండి, ఊరివాళ్లూ అంతే చేస్తారు. ఆ సమయంలో చన్నీళ్లు తాగితే ఉపశమనం రాదు, లోహపు రుచి తగిలినట్టుంటుంది. అన్నం, సోయాపాలు మేలు.

పొద్దున

చైనా అంతటికీ ఒకటే గడియారం. మన కంటే రెండున్నర గంటలు ముందు. పడమట ఉన్న చెంగ్దూలో చలికాలం ఎనిమిదింటికి గానీ తెల్లవారదు. అయినా ఉదయం దుకాణాలు గడియారం చూసే తెరుస్తాయి: ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర. పదింటికి లేచి వెళితే ఆవిరి బుట్టలు కడిగి బోర్లించి ఉంటాయి.

ఇళ్ల సముదాయాల మొదట్లో, పొగలు కక్కే వెదురు బుట్టల దొంతర ఉన్నచోట నిలబడండి. బావ్‌జ అంటే లోపల కూర పెట్టి ఆవిరి మీద ఉడికించిన బన్ను, ఒక్కోటి రెండు మూడు యువాన్లు. ఆకుకూరది, ముల్లంగిది, పందిది అన్నీ బయటికి ఒకేలా ఉంటాయి, బుట్ట చూపించి 'సూ ద?' అంటే శాకాహారమా అని అడిగినట్టు. దాంతో దౌజ్యాంగ్ అనే వేడి సోయాపాలు, పొడుగ్గా వేయించిన యోత్యావ్. యోత్యావ్‌ను పాలలో ముంచి తినాలి, విడిగా తింటే రబ్బరు నమిలినట్టుంటుంది.

శాకాహారులకు పొద్దున దొరికే మంచి గిన్నె సువాన్‌లా దౌహువా. సోయాపాలతో చేసిన, జున్నులా వణికే మెత్తటి టోఫూ, పైన ఎర్రనూనె, వెనిగర్, వేయించిన సోయా గింజలు, పచ్చడి ముక్కలు. మాంసం వేసిన రకం కూడా అదే కొట్లో ఉంటుంది కాబట్టి న్యో రౌ లేనిది అని చెప్పండి.

మాంసాహారులైతే ఫెయ్‌ఛాంగ్ ఫెన్ చూడండి. పంది పేగుల సూపులో చిలగడదుంప పిండితో చేసిన సేమ్యాలాంటి నూడుల్స్. బోటీ తినేవారికి కొత్తేమీ కాదు. పక్కన గ్వోఖ్వెయ్ అనే గుండ్రటి రొట్టె తీసుకుని సూపులో ముంచుకుంటారు. పంది, గొడ్డు ముక్కలు పొరల్లో పెట్టి నూనెలో వేయించిన రొట్టె ఒకటి, ఏమీ లేని తెల్ల రొట్టె ఒకటి. తెల్లదాన్ని చీల్చి లోపల బఠాణీ పిండి జెల్లీ, ఎర్రనూనె కూరి ఇస్తారు, అది శాకాహారమే.

మధ్యాహ్నం: ఈగల హోటళ్లు

చెంగ్దూవాళ్లు తమ చిన్న చిన్న భోజన హోటళ్లను 'త్సాంగ్‌యింగ్ గ్వాంజ' అంటారు, అంటే ఈగల హోటల్. ఇరుకుగది, నాలుగు బల్లలు, ప్లాస్టిక్ పీటలు, గోడ మీద మెనూ. తిట్టు కాదది, ముద్దుపేరు. ఊళ్లో నిజమైన వంట అక్కడే ఉంటుందని వాళ్ల గర్వం.

మంచిదాన్ని గుర్తుపట్టడానికి యాప్‌లోని నక్షత్రాల కంటే కళ్లే మేలు. మెనూ చిన్నగా ఉండాలి. పదకొండున్నరకల్లా చుట్టుపక్కల ముసలివాళ్లు కూర్చుని ఉండాలి. కూరగాయలు బయట బుట్టల్లో కనబడాలి. బొమ్మలతో నాలుగు భాషల మెనూ, గుమ్మంలో చేయి పట్టి లాగే మనిషి ఉంటే ముందుకు నడవండి. ఒంటిగంటన్నర తర్వాత పొయ్యి ఆర్పేసి మళ్లీ ఐదింటికి వెలిగించేవి చాలా ఉంటాయి.

కూరలు అందరూ పంచుకునేవి. ఇద్దరుంటే రెండు కూరలు, ఒక సూపు, అన్నం చాలు. తలా ఒక కూర చెప్పి, ఒక్కొక్కటి ముగ్గురికి సరిపోయేలా వస్తే తెల్లబోవడం కొత్తవాళ్లు తరచుగా చేసే పొరపాటు. మాపో టోఫూ ఈ ఊరిదే. దాన్ని పుట్టించిన ఛెన్ కుటుంబపు హోటల్ 1862లో మొదలైందని చెప్పుకుంటారు. అసలు పద్ధతిలో అందులో పడేది గొడ్డు ఖైమా. హ్వేగ్వో రౌ అంటే ఉడికించి మళ్లీ వేయించిన పంది. ఈ రెండింటికీ ప్రాణం పీష్యెన్ దౌబాన్ అనే ముద్ద: పండుమిరప, పెద్ద చిక్కుడు గింజలు కలిపి నెలల తరబడి ఎండలో పులియబెడతారు. మన కొరివికారానికి సోయాసాస్ లోతు కలిసినట్టు ఉంటుంది. ఊరికి పెద్ద సూట్‌కేసుతో వస్తే తెచ్చుకోదగ్గ సరుకు ఇదే.

వంకాయ ఇష్టపడేవాళ్లు యూష్యాంగ్ ఛ్యేజ అడగండి. ఇందాక చెప్పిన 'చేప సువాసన' ఇదే. ఊరబెట్టిన మిరప, అల్లం, వెల్లుల్లి, పంచదార, వెనిగర్ కలిసిన పులుపు తీపి కారం. ఖైమా వద్దని, ఛింగ్ యో వాడమని చెబితే చాలా చోట్ల వింటారు.

నూడుల్స్‌ను తూకంతో అడగండి

చెంగ్దూ నూడుల్స్ కొట్లో 'ఒక ప్లేటు' అనరు. ల్యాంగ్ లెక్క. ఒక ల్యాంగ్ 50 గ్రాములు. 'యీ ల్యాంగ్', ఎర్ ల్యాంగ్, సాన్ ల్యాంగ్ అంటే ఒకటి, రెండు, మూడు. ఎర్ ల్యాంగ్ మామూలు భోజనం, సాన్ ల్యాంగ్ ఆకలి భోజనం. నాలుగు కొట్లు రుచి చూడాలనుకున్న రోజు ప్రతిచోటా 'యీ ల్యాంగ్' చెప్పి, తిని లేవండి. కొన్ని కొట్లు రెండుకు తక్కువ ఇవ్వవు, అప్పుడు ఇద్దరు ఒక గిన్నె.

దాన్‌దాన్ మ్యెన్ అంటే అక్షరాలా కావడి నూడుల్స్. భుజాన కావడి వేసుకుని ఒక తట్టలో పొయ్యి, ఇంకో తట్టలో నూడుల్స్‌తో వీధులు తిరిగి అమ్మేవారు. చిన్న గిన్నె, అడుగున సాస్, పైన కరకరలాడే పంది ఖైమా, యాత్సాయ్ అనే ఆవ కాడల పచ్చడి. గిన్నె రాగానే అడుగు నుంచి పైకి పది పదిహేనుసార్లు కలపండి. ఫొటోలకని రెండు నిమిషాలు ఆగితే నూడుల్స్ ముద్దకట్టి పైన చప్పగా, అడుగున ఉప్పగా మిగులుతాయి.

అన్నింటిలోకీ శాకాహారులకు నచ్చేది థ్యెన్‌ష్వే మ్యెన్. పేరుకు 'తీపి నీళ్ల నూడుల్స్'. చాప్‌స్టిక్ అంత లావు, గిన్నెలో ఐదారు పోగులే ఉంటాయి. పైన బెల్లం, మసాలాలు వేసి కాచిన తియ్యటి సోయాసాస్, నువ్వుల ముద్ద, వెల్లుల్లి, ఎర్రనూనె. మాంసం మామూలుగా పడదు. వెన్‌షూ ఆలయం ఎదుటి వీధిలో ఇది, బఠాణీ జెల్లీ అమ్మే పాతకాలపు కొట్టు ఉంది, మధ్యాహ్నం వరుస బయటి దాకా వస్తుంది. డబ్బు ముందు కట్టి, చీటీ తీసుకుని, వంట గవాక్షం దగ్గర మీరే అందుకోవాలి. చీటీ లేకుండా బల్ల పట్టుకుని కూర్చుంటే ఎవరూ రారు.

ఛావ్‌షౌ అంటే పల్చటి పొరలో పంది ముద్ద చుట్టి ఉడికించిన వంటకం. ఎర్రనూనెలోదైతే హోంగ్‌యో ఛావ్‌షౌ. లోంగ్ ఛావ్‌షౌ (1941), లాయ్ థాంగ్‌యువాన్ (1894) లాంటి పాత పేర్ల హోటళ్లు నగరం నడిబొడ్డున ఉన్నాయి. చరిత్ర కోసం ఒకసారి వెళ్లొచ్చు, అంతకుమించిన రుచి సందుల్లోనే దొరుకుతుంది. థాంగ్‌యువాన్ చూడటానికి మన పాల ఉండ్రాయిలా అమాయకంగా ఉంటుంది. లోపలి నల్ల నువ్వుల పూర్ణాన్ని సంప్రదాయంగా పంది కొవ్వుతో కలుపుతారని మాత్రం గుర్తుంచుకోండి.

సాయంత్రం చిరుతిళ్లు, మధ్యలో టీ

మూడింటికి ఎండ, తిండి రెండూ బరువెక్కుతాయి. పీపుల్స్ పార్కులోని హెమింగ్ టీ తోటకు వెళ్లండి, 1923 నుంచి ఉంది. మెట్రో రెండో లైన్‌లో పార్కు పేరుతోనే స్టేషన్ ఉంది. పళ్లెం, గిన్నె, మూత మూడు ముక్కల కప్పులో టీ ఆకు వేసి వేడినీళ్లు పోస్తారు. ఒకసారి కడితే ఎంతసేపైనా కూర్చోవచ్చు, నీళ్లు ఎన్నిసార్లైనా. మూతతో ఆకును పక్కకు తోసి తాగాలి. నీళ్లు కావాలంటే మూత తీసి పక్కన వాల్చండి. ఇనుప పటకారు టంగుమనిపిస్తూ చెవుల గుబిలి తీసేవాళ్లు వస్తారు. సరదా ఉంటే ధర ముందు తేల్చుకుని కూర్చోండి.

తర్వాత బండ్లు. దాన్ హోంగ్‌గావ్ కోసం వెతకండి: అరచేయంత రాగి పెనంలో గుడ్డు, మైదా, పంచదార పులిసిన పిండి పోసి మూతపెట్టి, లోపల నువ్వులు పంచదార లేదా పచ్చడి లేదా క్రీమ్ పెట్టి సగానికి మడుస్తారు. అట్టుకూ దిబ్బరొట్టెకూ మధ్యలోది. చేతిలో పడ్డ నిమిషంలో తినాలి, సంచిలో వేసుకుంటే చెమ్మ పట్టి మెత్తబడిపోతుంది.

సాన్ దా పావ్ అంటే మూడు ఫిరంగులు. జిగట బియ్యపు ముద్దలు మూడింటిని బల్ల మీదికి విసిరితే రాగి పళ్లాలు ఢమఢమ మోగుతాయి, ముద్దలు ఎగిరి సోయాపిండిలో పడి దొర్లుతాయి, పైన బెల్లపు పాకం. రుచి కంటే మోత ఎక్కువ. ముగ్గురికి ఒక గిన్నె చాలు.

బింగ్‌ఫెన్ మాత్రం రోజుకొకటి తినండి. ఒక రకం మొక్క గింజల్ని గుడ్డలో కట్టి నీళ్లలో పిసికి, సున్నపు తేట పోస్తే పారదర్శకమైన జెల్లీగా పేరుకుంటుంది. దాని మీద బెల్లం పాకం, వేరుశనగ పలుకులు, కిస్‌మిస్. శాకాహారం, కారానికి విరుగుడు. లావ్‌జావ్ అనే పులిసిన అన్నం వేస్తే కొద్దిగా మద్యం చేరుతుంది, వద్దంటే 'బు యావ్ లావ్‌జావ్'.

రాత్రి: హాట్‌పాట్ మెట్లు

ఇక్కడే ఎక్కువ డబ్బు, ఎక్కువ తప్పులు.

మొదట మూకుడు. సగం ఎరుపు, సగం తెలుపు ఉండే యువాన్‌యాంగ్ గువో తీసుకోండి. ఎరుపు వైపు దేనితో చేశారో అడగండి: న్యో యో అయితే గొడ్డు కొవ్వు, ఛింగ్ యో అయితే రేప్‌సీడ్ నూనె. ఛింగ్ యో హాట్‌పాట్ చెంగ్దూలో బాగానే దొరుకుతుంది, బోర్డు మీదే రాసుకునే హోటళ్లున్నాయి. బల్ల మీదికి ఎర్రటి గడ్డలా వచ్చి, పొయ్యి వెలిగించాక కరుగుతుంటే అది కొవ్వే. ద్రవంగా వచ్చినంత మాత్రాన నూనె అని తేలినట్టు కాదు, ముందే కరిగించి తెచ్చి ఉండొచ్చు. తెల్ల వైపు కూడా ఎముకల సూపు కావచ్చు. పుట్టగొడుగుల సూపు లేదా టమాటా సూపు అడిగి, దానికీ అదే ప్రశ్న వేయండి.

ఇద్దరికి ఐదారు పళ్లేలు చాలు. 'బాన్ ఫెన్' అంటే సగం పళ్లెం, చాలా హోటళ్లు ఇస్తాయి.

తర్వాత ముంచుకునే గిన్నె. చెంగ్దూ పద్ధతి నువ్వుల నూనె. చిన్న డబ్బా మొత్తం గిన్నెలో వంచి, సన్నగా తరిగిన వెల్లుల్లి రెండు చెంచాలు, కొత్తిమీర, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల వెనిగర్. ఇంత నూనె దేనికని మనకు అనిపిస్తుంది. మరిగే మూకుడులోంచి వచ్చిన ముక్కను చల్లార్చి, నోటిని పొరలా కప్పి కారాన్ని ఆపేది అదే. పది రకాల సాస్‌లు కలిపితే ముక్క రుచి పోతుంది. ఆయిస్టర్ సాస్ శాకాహారం కాదు.

వేసే వరుస ముఖ్యం. నూనె మధ్యలో బుడగలు బాగా లేచాకే మొదలుపెట్టండి. గొడ్డు పొట్ట ముక్కను చాప్‌స్టిక్‌తో పట్టుకునే ఉండి ఏడుసార్లు పైకి, ఎనిమిదిసార్లు కిందికి ముంచాలంటారు, అంటే పదిహేను సెకన్లు. వదిలేస్తే రబ్బరు. ఆలుగడ్డ పల్చటి ముక్కలు మూడు నాలుగు నిమిషాలు, తామర దుంప నాలుగైదు, పందిమెదడు పది నిమిషాల పైన. ఆకుకూర ఎప్పుడూ తెల్ల వైపే. ఎరుపులో వేస్తే ప్రతి మడతలోనూ నూనె పీల్చుకుని, ఒక్క ఆకుతో నోరు మంటెత్తుతుంది. పచ్చిమాంసం వేసే చాప్‌స్టిక్‌లు, తినేవి వేరుగా ఉంచండి. ఎర్ర పులుసును సూపులా తాగరు. మరిగేకొద్దీ ఉప్పెక్కుతుంది, 'జ్యా థాంగ్' అంటే సూపు కలుపుతారు. పక్కన సోయా, వేరుశనగ పాల సీసా పెట్టుకుంటే బీరు కంటే ఎక్కువ ఆదుకుంటుంది.

ఒంటరిగా ఉంటే హాట్‌పాట్ బదులు మావ్‌త్సాయ్: బుట్టలో మీకు నచ్చిన కూరలు, టోఫూ వేసుకుంటే తూచి, ఉడికించి గిన్నెలో పోసి అన్నంతో ఇస్తారు. బుట్ట తేలిగ్గా కనిపించినా నానిన టోఫూ, పుట్టగొడుగులు బరువు తూగుతాయి, బిల్లు అక్కడే పెరుగుతుంది.

ఛ్వాన్‌ఛ్వాన్ ష్యాంగ్ అంటే పుల్లలకు గుచ్చిన ముక్కలు. ఫ్రిజ్‌లోంచి మీరే ఏరుకుని, బల్ల మీది మూకుడులో కట్టలు కట్టలుగా నిలబెట్టి ఉడికిస్తారు. చివర్లో పుల్లలు లెక్కపెడతారు, కొన్నిచోట్ల తూస్తారు. పుల్లలన్నీ గొట్టంలోనే పడేయండి. మందంగా ఉన్న పుల్లకు ధర ఎక్కువ ఉండొచ్చు, తీసేముందే చూసుకోండి. ఎండు ముంచుడుకు వేయించిన మిరప్పొడి, వేరుశనగ పొడి అడగండి, మన కారప్పొడి లాగే ఉంటుంది. యూలిన్ పేటలో ఇవి ఎక్కువ.

సాహసం ఉంటే కుందేలు తల. ప్లాస్టిక్ చేతి తొడుగు వేసుకుని పై దవడ, కింది దవడ పట్టి రెండుగా విడదీసి, ముందు నాలుక, బుగ్గలు, తర్వాత మెదడు. తొలిసారి కారంది కాకుండా పంచ మసాలాది తీసుకోండి.

ఎక్కడికి, ఎక్కడికి కాదు

జిన్‌లీ, క్వాన్‌జాయ్ సందులు చూడటానికి అందంగా ఉంటాయి, తినడానికి కాదు. అక్కడ రుచి ఒకటి, ధర రెండు మూడింతలు. ఫొటోలు తీసుకుని, మెట్రోలో రెండు స్టేషన్లు అవతల దిగి తినండి. సాయంత్రం చిరుతిళ్లకు జ్యెన్‌షె రోడ్డు, కుర్రకారు ఎక్కువ, వరుసలు ఎక్కువ. క్వెయ్‌షింగ్‌లౌ వీధిలో భోజన హోటళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి.

పూర్తి శాకాహారులకు స్థిరమైన చోటు వెన్‌షూ ఆలయంలోని భోజనశాల, మెట్రో ఒకటో లైన్‌లో అదే పేరుతో స్టేషన్. బౌద్ధ వంటలో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు కాబట్టి అవి తిననివారికీ పనికొస్తుంది. అక్కడ మెనూలో కోడి, చేప అని కనబడితే అవి సోయాతో, గోధుమ జిగురుతో చేసిన నకళ్లు. పంది మాత్రమే వద్దనేవారు 'ఛింగ్‌జెన్' అని రాసిన బోర్డు చూసుకోవాలి, అది హలాల్ హోటల్. అక్కడ గొర్రె, గొడ్డు రెండూ ఉంటాయి. థ్యెన్‌ఫూ చౌక్ దగ్గర హువాంగ్‌ఛెంగ్ మసీదు చుట్టూ అలాంటివి ఉన్నాయి.

కడుపు, టిష్యూలు, ఆఖరి మెట్రో

మొదటి రోజు రాత్రే హాట్‌పాట్‌కు పరిగెత్తకండి. కారం కాదు, ఒక పూటలో లోపలికి పోయే నూనె మొత్తమే మర్నాటి పొద్దుటి కష్టానికి కారణం. దాని మీద ఐసు వేసిన బింగ్‌ఫెన్ గబగబా మింగితే ఇంకా త్వరగా తెలుస్తుంది. నూడుల్స్‌తో మొదలుపెట్టి మూడో రోజుకు మూకుడు దగ్గరికి వెళ్లండి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, చిన్న టిష్యూ ప్యాకెట్లు దగ్గర ఉంచుకోండి. చిన్న కొట్లలో టిష్యూ ఊరికే ఇవ్వరు, పబ్లిక్ మరుగుదొడ్లలో అసలుండదు. కుళాయి నీళ్లు తాగొద్దు. హోటల్లో ఇచ్చేది వేడినీళ్లే, లేదా బక్‌వీట్ గింజల టీ.

వేరుశనగ, నువ్వులు పడనివాళ్లకు ఈ ఊరు కష్టం. నువ్వుల నూనె, వేరుశనగ పలుకులు చెప్పకుండానే వేస్తారు, ఒకే గరిటె అన్ని గిన్నెల్లోనూ తిరుగుతుంది. అలర్జీ కార్డును చైనా లిపిలో ముద్రించుకుని ప్రతి కొట్లోనూ చూపించండి.

అర్ధరాత్రి తర్వాత అమ్మే తిండిని చెంగ్దూలో 'గ్వెయ్ యిన్‌ష' అంటారు, దెయ్యాల తిండి. బొగ్గుల మీద కాల్చిన పుల్లలు, వేడి నూడుల్స్, పంది కాళ్లు. దానికోసం ఉండాలనుకుంటే మెట్రో పదకొండింటికి అటూ ఇటూగా ఆగిపోతుందని లెక్కేసుకోండి. తిరుగు ప్రయాణానికి అలీపేలోనే దీదీ ట్యాక్సీ పిలవొచ్చు. బస చేసిన హోటల్ పేరు, చిరునామా చైనా లిపిలో ఉన్న కార్డును రిసెప్షన్‌లో సాయంత్రమే తీసుకుని జేబులో పెట్టుకోండి, ఫోన్ ఛార్జింగ్ అయిపోయేది ఎప్పుడూ ఆ వేళకే.